ఒంటి సోదాలపై వ్యాజ్యాలు

పోలీసులు ఒక మనిషి బట్టలు విప్పించి వెతకడం, శరీర రంధ్రాలను తెరిపించి చూడడం, వాటిలోకి వేలో పరికరమో పోనివ్వడం, కడుపులో ఉన్నదాన్ని బలవంతంగా కక్కించడం, ఒళ్లు కోయించి వస్తువును బయటికి తీయించడం: ఒంటి సోదాలోని తీవ్ర రూపాలు ఇవి. ఇల్లు వెతకాలంటే వారంటు ఉండాలన్న నియమం చాలా దేశాల్లో పాతదే. ఇంటికన్నా దగ్గరిదైన ఒంటికి అంత రక్షణ ఉందా అన్న ప్రశ్న మాత్రం ఇరవయ్యో శతాబ్దం నడిమి నుంచే కోర్టుల ముందు గట్టిగా నిలిచింది.

ఈ వ్యాజ్యాలు రెండు దారుల్లో నడిచాయి. సోదాలో ఏదో దొరికి ముద్దాయిగా నిలబడ్డ మనిషి ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టమని అడగడం ఒక దారి. ఏమీ దొరక్క వదిలేసిన మనిషి, తనకు జరిగినదానికి పరిహారం కోరుతూ దావా వేయడం రెండోది. పోలీసు చేతికి హద్దులు గీసిన సూత్రాల్లో చాలా భాగం మొదటి దారిలోనే పుట్టాయి. రెండో దారిలో వచ్చినవారి కేసులు ఎక్కువగా రాజీల్లో, చెక్కుల్లో ముగిశాయి. అయినా ఒక దేశపు చట్టం విలువ తెలియాలంటే ఈ రెండోవారికి అక్కడ ఏం దక్కుతుందో చూడాలి. వారు ఏ తప్పూ చేయలేదు, సోదాను సమర్థించుకోవడానికి పోలీసుల చేతిలో దొరికిన వస్తువూ లేదు.

అమెరికా

1949 జూలై 1న లాస్‌ఏంజెలెస్‌లో ముగ్గురు డిప్యూటీ షెరీఫ్‌లు ఒక ఇంట్లో చొరబడి పడకగది తలుపు బద్దలు కొట్టారు. మంచం పక్కనున్న రెండు గొట్టపు బిళ్లలను ఆ గదిలోని మనిషి నోట్లో వేసుకున్నాడు. మీదపడి, గొంతులోంచి తీయబోయారు, కుదరలేదు. బేడీలు వేసి ఆసుపత్రికి తీసుకుపోయి, కడుపులోకి గొట్టం దింపించి, మందు పోయించి కక్కించారు. బయటపడినది మార్ఫిన్. రోచిన్ కేసుగా పేరుపడిన ఈ వ్యాజ్యంలో 1952లో అమెరికా సుప్రీంకోర్టు శిక్షను కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ ఇలాంటి పని అంతరాత్మను కుదిపేస్తుందని, చిత్రహింసకు ఇది మరీ దగ్గరని అన్నారు. దొరికినది నిజంగా మత్తుమందే అయినా తీసిన పద్ధతి తప్పయితే సాక్ష్యం చెల్లదన్న మాట ఒంటి సోదాల చట్టంలో అప్పటినుంచి పాతుకుపోయింది.

తరువాతి తీర్పులు ఆ గట్టిదనాన్ని ఒకేలా నిలబెట్టలేదు. 1966లో ష్మెర్బర్ కేసులో, తాగి కారు నడిపాడని అనుమానించిన వ్యక్తి నుంచి ఆసుపత్రిలో డాక్టరు రక్తం తీయడం తప్పు కాదన్నారు. 1968లో టెర్రీ కేసు, తగిన అనుమానం ఉంటే ఆయుధం కోసం బట్టలపై నుంచి తడిమి చూడొచ్చని అనుమతి ఇచ్చింది. 1985లో మాత్రం విన్‌స్టన్ వర్సెస్ లీ కేసులో కోర్టు మళ్లీ గీత గీసింది. దోపిడీలో పాల్గొన్నాడని అనుమానించిన వ్యక్తి కాలరెముక కింద ఇరుక్కున్న తూటాను శస్త్రచికిత్స చేసి తీస్తామని వర్జీనియా రాష్ట్రం అడిగింది. వేరే సాక్ష్యం ఉండగా, ఇష్టంలేని మనిషికి మత్తిచ్చి ఒళ్లు కోయడం సమంజసం కాదని న్యాయమూర్తులు తేల్చారు.

జైళ్ల విషయంలో దారి వేరు. 1979లో బెల్ వర్సెస్ వుల్ఫిష్ కేసు, విచారణ ఖైదీలను ములాఖత్ అయిన ప్రతిసారీ నగ్నంగా నిలబెట్టి రంధ్రాలను చూపించమనడాన్ని 5–4 తేడాతో సమర్థించింది. సోదా ఎంతవరకు వెళ్లింది, ఎలా చేశారు, ఎందుకు చేశారు, ఎక్కడ చేశారు అనే నాలుగు ప్రశ్నలను ఆ తీర్పే ఇచ్చింది. తరువాతి మూడు దశాబ్దాలూ బాధితుల న్యాయవాదులు ఆ ప్రశ్నలతోనే పోరాడారు. షికాగోలో ట్రాఫిక్ కేసుల వంటి చిన్నవాటికి లాకప్‌కు తెచ్చిన ఆడవాళ్లందరినీ బట్టలు విప్పించి వెతికేవారు, మగవాళ్లను మాత్రం తడిమి వదిలేవారు. 1983లో ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఈ విధానం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. చిన్న నేరాలకు అనుమానం లేకుండా బట్టలు విప్పించడం చెల్లదని చాలా అప్పీలు కోర్టులు అదే బాట పట్టాయి.

2012లో ఫ్లోరెన్స్ కేసు ఆ బాటను మూసేసింది. న్యూజెర్సీలో భార్య కారు నడుపుతుండగా పక్కన కూర్చున్న వ్యక్తిని జరిమానా కట్టలేదన్న పాత వారంటు మీద 2005లో అరెస్టు చేశారు. ఆ జరిమానా అప్పటికే కట్టేశాడు. కంప్యూటరులో వారంటు తొలగించలేదు, అంతే. రెండు జైళ్లలో రెండుసార్లు అతని బట్టలు విప్పించారు. జైల్లోని మిగతా ఖైదీల మధ్యకు పంపేవారిని, ఎంత చిన్న కేసైనా, ఇలా వెతకవచ్చని జస్టిస్ ఆంథొనీ కెనడీ రాసిన 5–4 తీర్పు చెప్పింది. హింసకో మత్తుమందులకో సంబంధంలేని చిన్న నేరాల్లో, తగిన అనుమానం లేకుండా ఇలా చేయకూడదని జస్టిస్ స్టీఫెన్ బ్రేయర్ విభేదించారు. ఈ కేసు వేసిన మనిషిని అరెస్టు చేయడానికే కారణం లేదన్న సంగతి తీర్పు బరువులో ఎటూ తూగలేదు. నా దృష్టిలో ఈ తీర్పులోని అసలు లోపం అదే.

భారతీయులకు ఈ నిబంధన దేవయాని ఖోబ్రగడే ఉదంతంతో తెలిసొచ్చింది. న్యూయార్క్‌లో భారత డిప్యూటీ కాన్సుల్ జనరల్‌గా ఉన్న ఆమెను ఇంటి పనిమనిషి వీసా పత్రాల విషయంలో 2013 డిసెంబరు 12న అరెస్టు చేశారు. ఫెడరల్ మార్షల్స్ కస్టడీలో బట్టలు విప్పించి వెతికారు. అందరికీ జరిగేదే ఆమెకూ జరిగిందని మార్షల్స్ సర్వీసు జవాబిచ్చింది. ఢిల్లీలో అమెరికా రాయబార కార్యాలయం ముందున్న బారికేడ్లను ప్రభుత్వం తీయించింది, పార్లమెంటు అట్టుడికింది. 2014 మార్చిలో దౌత్య రక్షణ కారణంగా అభియోగపత్రాన్ని కోర్టు కొట్టేసింది, రెండు రోజులకే కొత్తది దాఖలైంది. సోదా న్యాయమైనదేనా అన్న ప్రశ్న మాత్రం ఏ కోర్టులోనూ తేలలేదు. ఆమె హోదా గురించి అంత గొడవ జరిగింది గానీ, అదే మార్షల్స్ చేతుల్లో రోజూ బట్టలు విప్పుతున్న సామాన్యుల మాట మన పత్రికల్లో పెద్దగా వినపడలేదు.

డబ్బు ఎవరు కడతారు

అమెరికాలో పరిహారం దావాలకు ఆధారం 1871 నాటి పౌరహక్కుల చట్టం. దానిలో ఇప్పుడు 1983వ సెక్షనుగా పిలిచే భాగం కింద, ప్రభుత్వాధికారంతో హక్కును కాలరాసిన వ్యక్తి మీద దావా వేయవచ్చు. అధికారి వేసుకునే కవచం ‘అర్హతతో కూడిన రక్షణ’. తాను చేసినది తప్పని అప్పటికే స్పష్టంగా తీర్పు వచ్చి ఉంటే తప్ప అతను సొంతంగా బాధ్యుడు కాడు. 2009లో అరిజోనాలోని సాఫర్డ్ పాఠశాల కేసులో ఇది చేదుగా బయటపడింది. నొప్పి మాత్రలు దాచిందన్న అనుమానంతో 13 ఏళ్ల బాలిక లోదుస్తులను లాగి చూడడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 8–1తో చెప్పింది, అదే తీర్పులో పాఠశాల అధికారులను సొంత బాధ్యత నుంచి తప్పించింది. నగరాల సంగతి వేరు. 1978 నాటి మోనెల్ తీర్పు ప్రకారం, తప్పు నగర పాలక సంస్థ విధానం వల్లనో ఆనవాయితీ వల్లనో జరిగితే నగరమే కట్టాలి. అందుకే పెద్ద మొత్తాలన్నీ నగరాల ఖజానాల నుంచే వెళ్లాయి. 2001లో న్యూయార్క్ నగరం, చిన్న కేసుల్లో అరెస్టయి మాన్‌హాటన్, క్వీన్స్ లాకప్పుల్లో బట్టలు విప్పాల్సివచ్చిన వేలమందికి 5 కోట్ల డాలర్ల దాకా ఇవ్వడానికి ఒప్పుకుంది. లాస్‌ఏంజెలెస్ కౌంటీ మహిళా జైల్లో ఆడవాళ్లను గుంపులుగా నిలబెట్టి చేసిన సోదాలపై 5.3 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది.

ఒక్కో మనిషి కథలో చూస్తే ఈ లెక్క ఇంకా కఠినంగా కనిపిస్తుంది. 2013 జనవరిలో న్యూమెక్సికోలోని డెమింగ్ పట్టణంలో, స్టాప్ గుర్తు దగ్గర కారు పూర్తిగా ఆపలేదని ఒక వ్యక్తిని నిలిపారు. పిరుదులు బిగించుకుని నిలబడ్డాడని, మత్తుమందు దాచాడని పోలీసులు అనుమానించి వారంటు తెచ్చారు. మొదటి ఆసుపత్రిలోని డాక్టరు ఇది వైద్యనీతికి విరుద్ధమని ఒప్పుకోలేదు. పక్క కౌంటీలోని ఇంకో ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ ఎక్స్‌రేలు తీశారు, గుదంలో రెండుసార్లు వేళ్లు పెట్టి చూశారు, మూడుసార్లు ఎనిమా ఇచ్చారు, చివరికి మత్తిచ్చి కొలనోస్కోపీ చేశారు. ఏమీ లేదు. ఆసుపత్రి ఆ బిల్లు అతనికే పంపింది. నగరం, కౌంటీ కలిసి 16 లక్షల డాలర్లకు రాజీ చేసుకున్నాయి. ఆ రాత్రి ఒక డాక్టరు కుదరదన్నాడన్న వాస్తవం ఈ కేసులో అన్నిటికన్నా విలువైనదనిపిస్తుంది. కాదనే అవకాశం వైద్యుడికి ఎప్పుడూ ఉందని అది రుజువు చేసింది.

దాదాపు అదే సమయంలో, 2012 డిసెంబరులో, మెక్సికో సరిహద్దు దాటి వస్తున్న ఒక అమెరికన్ మహిళను కస్టమ్స్ అధికారులు ఎల్‌పాసోలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆమె సమ్మతి లేకుండా యోని, గుద పరీక్షలు, ఎక్స్‌రే, సీటీ స్కాన్ చేయించారు. అక్కడా ఏమీ దొరకలేదు, అక్కడా బిల్లు వచ్చింది. ఆసుపత్రి 11 లక్షల డాలర్లు, సరిహద్దు భద్రతా సంస్థ 4,75,000 డాలర్లు చెల్లించాయి.

క్రిమినల్ శిక్షలు అరుదు. విస్కాన్సిన్‌లోని మిల్వాకీలో నడివీధిలో నల్లజాతి పురుషుల బట్టల్లోకి చేతులు దూర్చి వెతికిన పోలీసు బృందంపై ఫిర్యాదులు పేరుకుపోగా, ఒక అధికారికి 2013లో 26 నెలల జైలు పడింది. 2016లో నగరం 74 మంది బాధితులకు 50 లక్షల డాలర్లు ఇచ్చింది. టెక్సస్‌లో 2012లో రోడ్డు పక్కన ఆపిన ఇద్దరు మహిళలను ఒకే చేతి తొడుగుతో లోపల వెతకడం పోలీసు కారు కెమెరాలోనే రికార్డయింది. ఆ దృశ్యం జనం చూశాక రాజీ డబ్బుతో విషయం ఆగలేదు. 2015లో టెక్సస్ శాసనసభ, ట్రాఫిక్ తనిఖీల్లో వారంటు లేకుండా శరీర రంధ్రాలు వెతకడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. పరిహారం ఒక కేసును మూస్తే, ఈ చట్టం తరువాతి వందల కార్లలోని ఆడవాళ్లకు రక్షణ ఇచ్చింది.

యూరప్, బ్రిటన్

యూరప్ మానవ హక్కుల కోర్టు ఈ విషయాన్ని మానవ హక్కుల ఒడంబడికలోని 3వ అధికరణం (అమానుష, హీనపరిచే ప్రవర్తన నిషేధం), 8వ అధికరణం (వ్యక్తిగత జీవితానికి గౌరవం) కింద చూస్తుంది. 2006 నాటి జల్లో వర్సెస్ జర్మనీ తీర్పు ఇందులో మైలురాయి. 1993లో మత్తుమందు పొట్లాన్ని మింగిన వ్యక్తిని నలుగురు పోలీసులు పట్టుకుని ఉండగా, డాక్టరు ముక్కులోంచి గొట్టం దింపి వాంతి మందు పోశాడు. బయటికి వచ్చిన కొకైన్ 0.2182 గ్రాములు. సహజంగా మలంతో బయటపడేదాకా ఆగితే సరిపోయేదానికి ప్రాణాపాయం తెచ్చే పద్ధతి ఎందుకని కోర్టు అడిగింది. ఆ సాక్ష్యంతో వేసిన శిక్ష న్యాయవిచారణ హక్కుకు కూడా భంగమని చెప్పి, 10,000 యూరోల పరిహారం ఇప్పించింది. జర్మనీలో ఇలా బలవంతంగా కక్కించినప్పుడు ఇద్దరు చనిపోయారు కూడా. 2003 నాటి మరో తీర్పులో, టర్కీ పోలీసులు కస్టడీలోని మహిళకు ఇష్టంలేకుండా స్త్రీవైద్య పరీక్ష చేయించడం 8వ అధికరణానికి విరుద్ధమన్నారు. రేపు తమ మీద అత్యాచారం ఆరోపణ రాకుండా ముందుజాగ్రత్తగా చేయించామన్న వాదన నిలవలేదు.

ఇంగ్లండ్, వేల్స్‌లో 1984 నాటి పోలీసు, నేర సాక్ష్యాల చట్టం ఒంటి సోదాను మెట్లుమెట్లుగా విడదీసింది. పైబట్టల కింద వెతకాలంటే అదే లింగానికి చెందిన అధికారి చేయాలి, ఇతరులకు కనపడకూడదు, పిల్లలైతే బాధ్యతగల పెద్దవారొకరు పక్కన ఉండాలి. మత్తుమందుల కోసం శరీరం లోపల వెతకాలంటే రాతపూర్వక సమ్మతి ఉండాలి, వైద్యుడో నర్సో చేయాలి. కాగితం మీద ఇంత పద్ధతిగా ఉన్న చోటనే ‘చైల్డ్ క్యూ’ అనే మారుపేరుతో తెలిసిన బాలిక ఉదంతం జరిగింది. 2020 డిసెంబరులో లండన్‌లోని హ్యాక్నీలో, గంజాయి వాసన వస్తోందని ఒక బడి ఉపాధ్యాయులు పోలీసులను పిలిచారు. 15 ఏళ్ల నల్లజాతి బాలికను, నెలసరిలో ఉండగా, బడిలోనే ఇద్దరు మహిళా పోలీసులు బట్టలు విప్పించి వెతికారు. పెద్దవారెవరూ గదిలో లేరు, తల్లికి చెప్పలేదు, గంజాయి దొరకలేదు. 2022 మార్చిలో వెలువడిన బాలల రక్షణ సమీక్ష, ఇందులో జాతి వివక్ష పాత్ర ఉండి ఉంటుందని అభిప్రాయపడింది. 2025 జూన్‌లో శాఖాపరమైన విచారణ మండలి ఇద్దరు పోలీసులను ఉద్యోగం నుంచి తీసేసింది, మరొకరికి చివరి హెచ్చరిక ఇచ్చింది. వివక్ష ఆరోపణ రుజువు కాలేదంది.

ఆ అమ్మాయి ఒంటరి కాదు. బాలల కమిషనర్ రేచెల్ డిసూజా సేకరించిన లెక్కల ప్రకారం 2018–2020 మధ్య లండన్ పోలీసులు 650 మంది పిల్లలను ఇలా వెతికారు. వారిలో మగపిల్లల్లో 58 శాతం నల్లజాతివారు. 23 శాతం సోదాల్లో తోడుగా పెద్దవారు లేరు.

కెనడా, ఆస్ట్రేలియా

కెనడా సుప్రీంకోర్టు 2001 నాటి గోల్డెన్ తీర్పులో ముందుగా వివస్త్ర సోదా అంటే ఏమిటో నిర్వచించి, ఆ తరువాత నిబంధనలు పెట్టింది. 1997లో టొరంటోలోని ఒక శాండ్‌విచ్ హోటల్లో, మెట్ల దగ్గరా తరువాత బల్లల దగ్గరా, మరుగుదొడ్లు కడిగే రబ్బరు తొడుగులు వేసుకుని పోలీసులు ఒక నల్లజాతి వ్యక్తి ప్యాంటు దించి వెతికారు. కొకైన్ దొరికింది. 5–4 తేడాతో కోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. బట్టలు విప్పించే సోదా స్వభావరీత్యానే అవమానకరమని, అందుకు ప్రత్యేక కారణం ఉందని చూపాల్సిన బాధ్యత పోలీసులదేనని చెప్పింది. అత్యవసరమైతే తప్ప స్టేషన్ బయట చేయకూడదంది. దొరికినదాన్ని బట్టి కాక చేసిన తీరును బట్టి తీర్పు చెప్పాలన్న మాటను ఇంత విపులంగా రాసిన తీర్పు వేరే లేదని నా అభిప్రాయం. 2010లో వాంకూవర్ వర్సెస్ వార్డ్ కేసు రెండో దారినీ తెరిచింది. నాటి ప్రధాని జాన్ క్రెటియెన్ మీద ‘పై’ అనే తీపి వంటకాన్ని విసరబోతున్నాడని పొరబడి పట్టుకున్న న్యాయవాదిని లాకప్‌లో బట్టలు విప్పించినందుకు 5,000 డాలర్లు ఇవ్వాలంది. నష్టం రుజువు చేయనక్కర్లేదు, హక్కుకు భంగం కలిగితే చాలని చెప్పింది. ఇన్ని తీర్పులున్నా, ఒంటారియోలో పోలీసులు ఏటా 22,000కు పైగా ఇలాంటి సోదాలు చేస్తున్నారని ఆ రాష్ట్ర పోలీసు సమీక్షా కార్యాలయం 2019లో బయటపెట్టింది.

ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్ చట్టం స్టేషన్ బయట బట్టలు విప్పించాలంటే పరిస్థితి తీవ్రంగా, అత్యవసరంగా ఉండాలంటుంది. సంగీత ఉత్సవాల్లో మాత్రం కుక్క వాసన పట్టిందంటే చాలు, గుడారాల్లో సోదాలు మామూలయ్యాయి. 2018లో బైరన్ బే దగ్గర ఉత్సవంలో ఒక యువతిని టాంపాన్ తీసి చూపమన్నారు, అడగకుండానే ఒక మగ పోలీసు లోపలికి వచ్చాడు, ఏమీ దొరకలేదు. వేలమంది తరఫున నడిచిన సామూహిక దావాలో సోదా చట్టవిరుద్ధమని ప్రభుత్వమే ఒప్పుకోవాల్సివచ్చింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆమెకు 93,000 ఆస్ట్రేలియన్ డాలర్లు ఇప్పించింది.

భారతదేశం

మన చట్టంలో ఒంటి సోదా ప్రస్తావన చాలాచోట్ల ఉంది, పరిహారం ప్రస్తావన దాదాపు లేదు. అరెస్టయిన వ్యక్తిని వెతికే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 49వ సెక్షనులో ఉంది. మహిళను మహిళే, మర్యాదకు భంగం లేకుండా వెతకాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షనులోనూ ఇదే మాట. వైద్య పరీక్షకు సంబంధించిన కొత్త 51వ సెక్షను, పోలీసు అధికారి అడిగితే డాక్టరు అవసరమైనంత బలం ఉపయోగించి పరీక్షించవచ్చని అంటుంది. పాత చట్టంలో సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని అధికారి అడగాలనే షరతు ఉండేది. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టంలో ఏ పోలీసు అధికారి అయినా అడగవచ్చు. రక్షణ పెరగాల్సిన చోట తగ్గింది.

గట్టి నియమం మత్తుపదార్థాల చట్టం (1985) 50వ సెక్షనులో ఉంది. ఒంటిని సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి ముందో మెజిస్ట్రేట్ ముందో చేయించుకునే హక్కు ఉందని ఆ వ్యక్తికి చెప్పాలి. 1999లో పంజాబ్ వర్సెస్ బల్దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం, ఇది చెప్పకుండా చేసిన సోదాలో దొరికినదాని ఆధారంగా శిక్ష వేయలేమంది. 2010లో విజయ్‌సిన్హ్ జడేజా కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం, ఈ నియమాన్ని అక్షరాలా పాటించాలని, దాదాపుగా పాటిస్తే కుదరదని తేల్చింది. అయితే 2005లో హిమాచల్ ప్రదేశ్ వర్సెస్ పవన్ కుమార్ తీర్పు, చేతిసంచి ఒళ్లు కాదని స్పష్టం చేసింది. విశాఖ మన్యం, ఒడిశా సరిహద్దుల నుంచి సంచుల్లో, కార్ల డిక్కీల్లో గంజాయి తరలిస్తూ పట్టుబడే కేసుల్లో ముద్దాయిలకు 50వ సెక్షను పెద్దగా అక్కరకు రానిది ఇందుకే. మధ్యవర్తుల నివేదికలో గెజిటెడ్ అధికారి ఊసు ఉందా లేదా అన్నది మన జిల్లా కోర్టుల్లో వాదనకు వచ్చేది, జేబులోనో ఒంటిమీదో దొరికిందన్న కేసుల్లోనే. కడుపులో దాచారన్న అనుమానం ఉంటే, కస్టమ్స్ చట్టం (1962) 103వ సెక్షను ఎక్స్‌రేకు మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలంటుంది.

ఈ తీర్పులన్నీ మొదటి దారిలోవి, ఏదో దొరికినవారు తెచ్చుకున్నవి. ఏమీ దొరకనివారికి మత్తుపదార్థాల చట్టంలోనే 58వ సెక్షను ఉంది. కారణం లేకుండా వేధింపుగా సోదా చేసిన అధికారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ వెయ్యి ఎక్కువగా కనిపించే రోజులు పోయాయి. మహిళను వివస్త్రను చేయాలన్న ఉద్దేశంతో బలప్రయోగం చేస్తే భారతీయ న్యాయ సంహిత 76వ సెక్షను కింద మూడు నుంచి ఏడేళ్ల శిక్ష ఉంది. సోదా పేరుతో జరిగినప్పుడు ఆ ఉద్దేశాన్ని రుజువు చేయడం కష్టం. విధి నిర్వహణలో చేశానన్న అధికారిపై విచారణకు ప్రభుత్వ అనుమతి అడ్డమొస్తుంది. మిగిలింది రిట్. 1983లో రుదుల్ సాహ్, 1993లో నీలబతి బెహెరా తీర్పులు, ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే రాజ్యాంగ కోర్టులే పరిహారం ఇప్పించవచ్చని స్థిరపరిచాయి. మొదటిది అక్రమ నిర్బంధం గురించి, రెండోది కస్టడీ మరణం గురించి. ఒంటి సోదాలోని అవమానానికి అదే సూత్రం వర్తించకపోవడానికి కారణమేమీ లేదు. వ్యక్తిగత గోప్యత స్థలానికి కాదు, మనిషికి చెందినదని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కలెక్టర్ వర్సెస్ కెనరా బ్యాంక్ అనే ఆ కేసు ఆంధ్రప్రదేశ్ స్టాంపు చట్ట సవరణ మీద నడిచింది. 2017లో పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది.

ఇటీవలి కేసుల్లో గమనించాల్సినది ఢిల్లీ హైకోర్టు 2023 ఫిబ్రవరి 7న ఇచ్చిన తీర్పు. కేరళకు చెందిన ఒక క్రైస్తవ సన్యాసినికి హత్యకేసు దర్యాప్తులో 2008లో సీబీఐ కన్యత్వ పరీక్ష చేయించింది. కస్టడీలో ఉన్న మహిళకైనా మర్యాద హక్కు పోదని, అలాంటి పరీక్ష 21వ అధికరణానికి విరుద్ధమని జస్టిస్ స్వర్ణకాంత శర్మ తీర్పు రాశారు. పరిహారం మాత్రం క్రిమినల్ కేసు ముగిశాక కోరవచ్చన్నారు. పరీక్ష జరిగి అప్పటికి పద్నాలుగేళ్లు దాటింది.

దావా వేయదలచినవారికి ఇప్పుడున్న గట్టి ఆధారం 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు. ప్రతి పోలీసు స్టేషనులో, లాకప్పుల్లో, మరుగుదొడ్ల లోపల తప్ప, సీసీటీవీ ఉండాలి. రికార్డు 18 నెలలు, సాధ్యంకాని చోట కనీసం ఏడాది నిలవాలి. స్టేషనులో బలప్రయోగం జరిగిందన్నవారు రాష్ట్ర మానవ హక్కుల కమిషనుకో, 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం 30వ సెక్షను కింద ఏర్పడిన మానవ హక్కుల కోర్టుకో ఫిర్యాదు చేయవచ్చు. ఆ రికార్డును వెంటనే తెప్పించుకునే అధికారం కమిషనుకు ఉంది. సోదాలను వీడియో తీయాలనే నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షనులో మాత్రం స్థలాల సోదా, ఆస్తి స్వాధీనం అని ఉందే గాని మనిషి ఒంటి సోదా అన్న మాట లేదు.